చప్పుడు, దాని పుట్టుక

రాత్రివేళ మన యిండ్లలో వినవచ్చు చప్పుళ్లకు లెక్క లేదు. చూరునుండి జారిన నీటిబొట్టు గంగాళములో పడును. పొయ్యిమీది ఎసరు తెర్లుటకు ముందు సన్నగా పాడును. పగలెల్ల ఎండకు కాగిన రేకుల కప్పు చల్లబడి ముడుచుకొనుచు, మేకులవద్ద ఒక్కసారిగా జారి టప్పున మ్రోగును. వీనిని మనము వినుచునే యుందుము గాని, విన్నామని తలపము. పిల్లవాడెవడైన ఉలికిపడి లేచి "అదేమి చప్పుడు?" అని అడిగినప్పుడే అది మన చెవికి నిజముగా సోకును. అప్పుడు పెద్దలు తోచిన కారణమొకటి చెప్పుదురు, పిల్లవాడు నిద్రపోవును. ఆ కారణము నిజమా కాదా యని ఎవరును మరల విచారింపరు.

ఈ ప్రశ్నకు తొందరపడి చెప్పుకొన్న ఒక సమాధానమువలన ఒక రాజవంశమే దుఃఖములో మునిగిన కథ మన దేశములో పసివారికి సైతము తెలియును. రాముడు అడవికేగిన ఆరవనాటి అర్ధరాత్రి దశరథుడు తన యౌవనమునాటి దోషమును కౌసల్యకు చెప్పుకొనును. వానకాలము, సరయూతీరము, కన్ను పొడుచుకొన్నను కానరాని చీకటి. నీరు త్రాగవచ్చు ఏనుగునో అడవిదున్ననో కొట్టవలెనని పొంచియున్న రాజకుమారునకు ఏనుగు ధ్వనివంటి చప్పుడొకటి వినవచ్చినది. చూడకయే కొట్టగల శబ్దవేధి యని తనకు పేరున్నది. బాణము వదలినాడు. బదులుగా మనుష్యుని ఆక్రందనము వినవచ్చినది. గ్రుడ్డివారైన తల్లిదండ్రులకై కడవ ముంచుకొనుచున్న మునికుమారుడు నేల కూలినాడు. శ్రవణకుమారుడను పేరు తరువాతి వారు పెట్టినది. వాల్మీకి అతనికి పేరు చెప్పలేదు.

దీనిని శాపకథగా, పుత్రశోకపు కథగా చదువుట పరిపాటి. కాని శబ్దమును గూర్చి ఆలోచించువానికి ఇందులో మరియొక విషయము కనబడును. దశరథుని చెవి తప్పు చేయలేదు. చప్పుడు ఏ దిక్కున పుట్టినదో, ఎంత దూరమున పుట్టినదో అది సరిగానే చెప్పినది. కనుకనే బాణము తగిలినది. తప్పినది చెవి కాదు, చెవి తెచ్చిన వార్తకు బుద్ధి చెప్పుకొన్న కారణము. "ఇది ఏనుగు చప్పుడువలె ఉన్నది" అనుటకును, "ఇది ఏనుగు" అనుటకును నడుమనున్న దూరమును అతడు ఒక్క క్షణములో దాటినాడు. మనము దినమునకు పదిమార్లు దాటుచున్నాము. మన చేతిలో విల్లు లేకుండుటయే భేదము.

ఇరుకుమూతి కడవను నీట ముంచినప్పుడు నీరు ఒక్కమారుగా లోనికి పోలేదు. లోపలనున్న గాలి బయటికి రావలెను. వచ్చుటకున్న దారియు ఆ మూతియే. కొంత గాలి బుడగయై వెలువడును, ఆ చోటునకు కొంత నీరు గ్రుక్కగా జొచ్చును, మరల గాలి, మరల నీరు. ఆ తడబాటే బుడబుడధ్వని. కడవలో మిగిలిన గాలి కూడ ఆ ధ్వనితో కలిసి గంభీరముగా పలుకును. పైనుండి ధారగా పోసినప్పుడు సంగతి వేరు: నీరు పెరుగుకొలది మీది గాలిస్తంభము కురుచయగును, స్వరము క్రమముగా హెచ్చును. అందుచేతనే బావివద్ద మాటలలో మునిగిన ఆడవారు బిందెవంక చూడకయే అది నిండవచ్చిన సంగతి పసిగట్టుదురు. చెవితో కారణమును సరిగా గుర్తించుట అసాధ్యము కాదు. పలుమారులు కంటితో సరిచూచుకొన్న చెవికి అది సుసాధ్యము. దశరథుడు చీకటిలో ఆ సరిచూచుకొనుటను మానినాడు.

మన దార్శనికులు చప్పుడు పుట్టుకను గూర్చి చాలనాళ్ల క్రిందటనే తర్కించినారు. కణాదుని పేర నిలిచిన వైశేషిక సూత్రములలో శబ్దోత్పత్తికి మూడు కారణములు చెప్పబడినవి: రెండు వస్తువుల సంయోగము, వస్తువు రెండుగా విడిపోవు విభాగము, మరియొక శబ్దము. భేరిపై కోల పడుట మొదటిదానికి ఉదాహరణము, వెదురును చీల్చుట రెండవదానికి. మూడవది మిక్కిలి సూక్ష్మమైన ఊహ. కొట్టినచోట పుట్టిన శబ్దమే నడిచి మన చెవికి రాదు. అది తన ప్రక్కన మరియొక శబ్దమును పుట్టించి నశించును, అది ఇంకొకదానిని. చివరిది మాత్రమే మనకు వినబడును. ఈ పరంపర నీటి అలలవలె సాగునని కొందరు, కడిమిమొగ్గ ఒక్కసారి అన్నివైపుల విచ్చుకొన్నట్లు సాగునని కొందరు చెప్పినారు. 17వ శతాబ్దమున విశ్వనాథుడు భాషాపరిచ్ఛేదములో ఈ రెండు పక్షములను పేర్కొన్నాడు.

విచిత్రమేమనగా, శబ్దము ఆకాశగుణమని వైశేషికులు పట్టుబట్టగా, శబ్దము నిత్యమని వాదించిన మీమాంసకులే గాలికి ఎక్కువ పని కల్పించినారు. కదలిన గాలి కదలని గాలిని తాకి సంయోగవిభాగములను పుట్టించునని, అవి అన్ని దిక్కులకు వ్యాపించి శ్రోత్రమును చేరునని శబరస్వామి చెప్పినాడు. సిద్ధాంతము తప్పినవాని చేతిలో సూక్ష్మాంశము నిలిచినది. చరిత్రలో ఇట్టివి తరచుగా కనబడును. అయితే ఆ వివాదములో అందరి దృష్టియు వేదశబ్దము మీదనే. ధ్వనికి మృదంగమును, వర్ణమునకు కకారమును ఉదాహరించి వారు ముందుకు సాగినారు. చూరునీటి చప్పుడును ఎవరును పూర్వపక్షముగానైన నిలుపలేదు. కొలిచి చూడవలెనను తలంపు కూడ అందులో లేదు.

కొలత మరియొక చోట జరిగినది, శబ్దమును కొలుచుటకు గాక, శబ్దముతో కాలమును కొలుచుటకు. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీటిపై తేలవిడిచినచో అది నిండి మునుగుటకు పట్టు కాలము ఒక గడియ, నేటి లెక్కలో 24 నిమిషములు. గడియ యను మన మాట ఘటికనుండి వచ్చినది. ఘటికయనగా చిన్న కుండయే. గిన్నె మునిగినంతనే కావలివాడు కంచుపళ్లెమును కొట్టును. 1526లో ఢిల్లీ గెలిచిన బాబరు తన ఆత్మకథలో హిందూస్థానమునుగూర్చి వ్రాయుచు, ముఖ్యమైన పట్టణములన్నిటను గడియాలీలను ఉద్యోగులుండుటను శ్రద్ధగా వర్ణించినాడు. ఈ దేశమున మామిడిపండు తప్ప తనకు నచ్చినవి అరుదని అనిపించునట్లు వ్రాసిన ఆ పాదుషా ఈ ఏర్పాటుమీద మాత్రము తీరికగా నిలిచినాడు.

అతడు కనిపెట్టిన లోపము వినువాని లోపము కాదు, కొట్టువాని లోపము. రాత్రివేళ మేల్కొన్నవానికి మూడు గడియలో నాలుగు గడియలో కొట్టుట వినబడును గాని, అవి ఏ జాములోని గడియలో తెలియదు. రెండవ జామున మూడు గడియలును, మూడవ జామున మూడు గడియలును ఒక్కవిధముగనే మ్రోగును. బాబరు ఒక సవరణ చేసినాడు: రాత్రులందును, మబ్బు క్రమ్మిన దినములందును గడియల సంఖ్య కొట్టి, కొంచెము ఆగి, జాము సంఖ్యను కూడ కొట్టవలెను. మొదటి జామున మూడు గడియలైనచో మూడు దెబ్బలు, విరామము, ఒక దెబ్బ. ఏర్పాటు బాగుగా కుదిరినదని సంతోషముతో వ్రాసుకొన్నాడు. చీకటిలో పడుకొని కేవలము చెవితో లోకమును తెలిసికొనవలసినవాని అవస్థ యెట్టిదో అనుభవించి తెలిసినవాడే ఈ సవరణ చేయగలడు. శబ్దమునకు దాని కారణమును కూడ చెప్పు అవకాశమిచ్చుట యనవచ్చును.

కాని ఏ కావలివాడును కొట్టని చప్పుళ్లు కలవు. అట్టివానిలో వంగదేశపు దక్షిణభాగమున, నేడు బంగ్లాదేశములోనున్న బరిసాల్ ప్రాంతమున వినవచ్చినది మిక్కిలి ప్రసిద్ధమైనది. 19వ శతాబ్దమున దానికి "బరిసాల్ ఫిరంగులు" అను పేరు స్థిరపడినది. వానలు పట్టు దినములలో, సముద్రపు దిక్కున, దూరమున ఫిరంగి ప్రేల్చినట్టి బరువైన మ్రోత. ఒకప్పుడు ఒంటిగా, ఒకప్పుడు రెండు మూడు వరుసగా. ఆ దిక్కున కోటలు లేవు, ఓడల యుద్ధములు లేవు, ఉన్నవి అడవియు నీరును. బాకర్‌గంజ్ జిల్లాను గూర్చి 1876లో గ్రంథము ప్రకటించిన హెన్రీ బెవరిడ్జి అందులో దీనిని ప్రస్తావించినాడు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సభలలో దీనిపై పలుమారులు చర్చ జరిగినది.

ఆ చర్చలో వచ్చిన కారణములను ఒక్కచోట చేర్చి చూచినచో, ఎవరికి ఏది తెలియునో వారికి అదే వినబడినదని తోచును. తీరమున విరుగు పెద్ద కెరటములని కొందరు; నదులు ఒరసి కూల్చు గట్లని కొందరు; పెండ్లిండ్లలో కాల్చు బాణసంచా యని కొందరు; దూరపు ఉరుములని, వాతావరణములోని విద్యుత్తని మరికొందరు. గంగ కడలిలో కలియుచోట సముద్రగర్భమున ఒక అగాధమైన లోయ కలదు. నావికులు గుండు వదలినను అడుగు తగలకపోవుటచే దానికి అడుగులేని చోటని పేరు పెట్టినారు. ఆ లోయలో బురదపొరలు జారుటయే కారణమని ఊహించుట సులభము. పల్లెలలో చెప్పుకొన్న మాట వేరు: లంకలో రావణుని కోటతలుపులు తెరచుచు మూయుచున్న చప్పుడట అది. దొరలు నవ్విరి. కాని ఫిరంగి యను పేరు మాత్రము శాస్త్రమా? తలుపు చప్పుడు విన్నవాడు తలుపన్నాడు, ఫిరంగి చప్పుడు విన్నవాడు ఫిరంగి యన్నాడు. రెండును సరయూతీరపు అనుమానములే. దిక్కు దక్షిణమని పల్లెవారు సరిగానే చెప్పినారు.

జి. బి. స్కాట్ అను నాయన 1871 డిసెంబరులో కలకత్తానుండి సుందరవనముల మీదుగా అస్సామునకు పోవుచు ఈ మ్రోతను విన్నట్లు 1896లో నేచర్ పత్రికకు వ్రాసినాడు. పగటివేళ పొగపడవ రొదలో ఏదియు వినబడదు. రాత్రి లంగరు వేసి, యంత్రమాగి, నీటి గలగల మాత్రము మిగిలినప్పుడు అది వినవచ్చినదట. ఆకాశము నిర్మలము, గాలివాన జాడ లేదు. ఉరుము, బాణసంచా అను కారణములు రెండును ఈ ఒక్క సాక్ష్యముచే బలహీనపడినవి. దానికి ముందటి సంవత్సరమే జార్జి డార్విన్ ఆ పత్రికలోనే బరిసాల్ ఫిరంగులను గూర్చియు, బెల్జియము తీరమున జాలరులు మంచువేళ విను అట్టి మ్రోతలను గూర్చియు ప్రస్తావించియున్నాడు. ఇటలీలోను, జపాను తీరమునను, అమెరికాలోని సెనెకా సరస్సు వద్దను ఇట్టివి వినబడుటచే, ఇది బరిసాల్ వారి చెవి దోషము కాదని స్పష్టమైనది.

1897 జూన్ 12న అస్సామును కుదిపిన మహాభూకంపము తరువాత మాసముల తరబడి చిన్న కంపములు వచ్చినవి. వానితో ఫిరంగిమ్రోతవంటి శబ్దములును వినవచ్చినవి. కాలికి తెలియనంత స్వల్పమైన కంపము చెవికి తెలియవచ్చునను అభిప్రాయమునకు దీనివలన బలము చేకూరినది. మరియొక మార్గమును ఆస్బర్న్ రేనాల్డ్స్ 1874 ప్రాంతమున చూపినాడు. రాత్రి నేలను అంటియున్న గాలి చల్లగాను, పైగాలి వెచ్చగాను ఉన్నప్పుడు శబ్దము పైకి పోక వంగి మరల నేలకు దిగును. పగలు వినరాని దూరపు గుడిగంట తెల్లవారుజామున స్పష్టముగా వినబడుట ఇందువలననే. బరిసాల్ మ్రోతలకు ఈ కారణములలో ఏ యొక్కటియు నిశ్చయముగా అంగీకరింపబడలేదు. ఒక పేరు పెట్టబడినందున ఒక కారణమే ఉండితీరవలెనని నియమము లేదు. చరిత్రకారునకు ఇది అసంతృప్తి కలిగించును గాని, నిలుచుటకు ఇంతకంటె గట్టినేల లేదు.

బరిసాల్ మ్రోత దూరమునుండి వచ్చునది, తన యిష్టము వచ్చినప్పుడు వచ్చునది. ప్రయోగశాలలోనికి దానిని పిలువలేము. నీటిబొట్టును పిలువవచ్చును, ఎన్నిమారులైన పిలువవచ్చును. ఆ పని కలకత్తాలోనే జరిగినది. మహేంద్రలాల్ సర్కార్ అను వైద్యుడు 1876లో విజ్ఞానశాస్త్రాభివృద్ధికై స్థాపించిన సంఘము బౌబజారు వీధిలో చాలకాలము దాదాపు నిద్రావస్థలో నుండెను. 1907లో ఆర్థికశాఖలో ఉద్యోగియై ఆ నగరమునకు వచ్చిన చంద్రశేఖర వెంకట రామన్ ట్రాముబండినుండి దాని పేరుపలకను చూచి దిగిన సంగతి ప్రసిద్ధము. తలుపు తీసినవాడు ఆశుతోష్ డే. అందరును ఆశుబాబు అనెడివారు. కళాశాలలో చదువని ఆ మనిషి అటుతరువాత చాల యేండ్లు రామన్ గారికి కుడిచేయిగా నుండి, లండను రాయల్ సొసైటీ పత్రికలో తన పేరనే ఒక వ్యాసము ప్రకటించినాడు. పట్టములేనివాని చెవిని, చేతిని నమ్మిన ప్రయోగశాల అది. ఈ దేశమున అట్టివి ఎన్ని యుండెనో లెక్కించుట కష్టము కాదు.

రామన్ గారు కచేరికి పోవుటకు ముందును, వచ్చిన తరువాతను అక్కడ పనిచేసెడివారు. 1917లో ఉద్యోగము వదలి విశ్వవిద్యాలయమున పాలిత్ ఆచార్యపదవిని స్వీకరించినారు. ఆ దినములలో ఆయన దృష్టి వెలుగుమీద కంటె శబ్దముమీద ఎక్కువ. వీణ, వయొలిన్, మృదంగము. శివకాళి కుమార్ అను సహచరునితో కలిసి మృదంగము, తబలాల మీది నల్లని కరణి వలన తోలు గోల మానివేసి స్వరము పలుకుటను 1920లో నేచర్ పత్రికలో వివరించినారు. ఆ యేడే ఆశుబాబుతో కలిసి ఫిలసాఫికల్ మేగజీన్‌లో ప్రకటించిన వ్యాసము, నీటిలో వస్తువు పడినప్పుడు పుట్టు చప్పుళ్లను గూర్చినది. అంతకు ముందు ఇంగ్లండులో వర్తింగ్టన్ అను ఉపాధ్యాయుడు విద్యుత్తు మెరపు వెలుగున నీటిబొట్టు పడుటను ఛాయాచిత్రములుగా తీసి 1908లో గ్రంథముగా వెలువరించియుండెను. నున్నని గోళము నీట పడినచో అది చడిలేక జారిపోవును, గరుకుగోళము గాలిని వెంట లాగికొని పెద్ద చప్పుడు చేయును. ఈ రెండిటి భేదము గాలిలో నున్నదని కంటికి కనబడుచునే యున్నది. అయితే చిత్రము మూగది. చెవికి వినబడినది ఏ క్షణమునకు చెందినదో అది చెప్పలేదు.

1933లో హాలండులోని యూట్రెక్ట్ నగరపు ఖగోళశాస్త్రజ్ఞుడు మార్సెల్ మినార్ట్ పారునీటి గానమును గూర్చి వ్రాయుచు లెక్క తేల్చినాడు. నీటిలో చిక్కిన గాలిబుడగ తీగవంటిది: నీరు దానిని నొక్కును, అది తిరిగి ఉబ్బును. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధముగల బుడగ సెకనుకు సుమారు 3,260 మార్లు ఇట్లు కదలును. వ్యాసార్ధము పది రెట్లయినచో కంపనము పదవవంతు, అనగా సుమారు 326. సెలయేటి కిలకిలకును, కడవ బుడబుడకును భేదము ఇందులోనే యున్నది. మునికుమారుని కడవనుండి వెలువడినవి పెద్ద బుడగలు. వాని కంఠము మందరము. రాజకుమారునకు ఏనుగు తోచుట నిష్కారణము కాదు.

పిమ్మట ఈ విద్య సముద్రమున పనికి వచ్చినది. నీటిలోపల చెవియొగ్గు యంత్రములకు వాన యొక్క చప్పుడు అడ్డము వచ్చుటచే, వాన చప్పుడేమిటో తెలిసికొనవలసివచ్చినది. ఒక మిల్లీమీటరు ప్రాంతపు సన్నని చినుకులు పడినప్పుడెల్ల నీటిక్రింద చిన్న బుడగను బంధించునని, అవి సెకనుకు సుమారు 15,000 కంపనములతో కీచుమనునని 1980ల నాటి పరిశీలనలు తెలిపినవి. అంతకంటె కొంత పెద్ద చినుకులు ఇట్లు బుడగను పట్టలేవు. అందుచేత సన్నతుంపర, జడివాన నీటిక్రింద వేరు వేరు గొంతులతో పలుకును. నడిసముద్రమున ఎంత వాన కురియుచున్నదో చెవితో కొలుచు సాధనములు ఈ జ్ఞానమునుండియే పుట్టినవి.

అయినను ఇంటిలోని బొట్టు సంగతి మిగిలియే యున్నది. బుడగ నీటిలోపల పలుకుచున్నది. మనము వినుచున్నది గాలిలో. నీటిలోని శబ్దమునకు గాలిలోనికి వచ్చుట కష్టము, దానిలో అధికభాగము నీటిమట్టమును తాకి వెనుకకు మరలును. మరి పడకగదిలోని మనిషికి నిద్ర పట్టనీయనంత చప్పుడు ఎట్లు వచ్చుచున్నది? కేంబ్రిడ్జిలో ఆచార్యుడైన అనురాగ్ అగర్వాల్ బ్రెజిలులో మిత్రునింట బసచేసినప్పుడు, వానకు కారుచున్న ఇంటికప్పు క్రింద పెట్టిన బాల్టీలో పడు చుక్కలు అతనికి ఆ రాత్రి నిద్ర లేకుండ చేసినవి. ఇంటికి మరలి, శామ్యూల్ ఫిలిప్స్, పీటర్ జోర్డన్ అను సహచరులతో కలిసి, మిక్కిలి వేగముగల కెమెరాను, గాలిలో ఒక మైక్రోఫోనును, నీటిలో ఒక హైడ్రోఫోనును పెట్టి చూచినాడు. 2018లో ఫలితము వెలువడినది. చుక్క నీటిని తాకినప్పుడు చప్పుడు లేదనవచ్చును; గుంట పడునప్పుడును లేదు; గుంట పూడి నీటిస్తంభము పైకి లేచునప్పుడును లేదు. గుంట అడుగున తెగి చిక్కిన చిన్నబుడగ కంపించినప్పుడే ఆ "టప్పు". ఆ బుడగ తన మీదనున్న నీటిమట్టమునే డోలు తోలువలె ఆడించును. ఆడిన నీటిమట్టము గాలిని కొట్టును. లోపలి శబ్దము బయటికి దారి చేసికొనుట కాదు, నీరే మ్రోగుట.

నివారణోపాయమును కూడ వారు చెప్పినారు. బాల్టీలోని నీటిలో గిన్నెలు తోము సబ్బునీరు కొంచెము కలిపినచో నీటిమట్టపు బిగువు మారును, బుడగ చిక్కదు. చుక్క ముందువలెనే పడును, గుంట పడును, నీరు లేచును, చప్పుడు మాత్రముండదు.